గొలుసవ్వ మొదటి ఉంగరం

డోన్ స్టేషన్లో బండి కోసం కూర్చుని ఉంటే మా ఊరామె ఒకామె కనిపించింది. ఎవరి ఎద్దు చచ్చింది, ఎవరి బావి ఎండింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. బండి కనబడే వేళకు, చెప్పులో రాయి దులుపుకున్నట్టు ఇంకో మాట దులిపింది.

"గొలుసవ్వ సచ్చిపోయె, తెల్సునా?"

"ఎప్పుడు?"

"ఎవురికి తెల్సు? పట్టాల పక్కన కొట్టంలో ఒక్కతే పడుంటే రైలు కూలోళ్లు సూసినారంట. అప్పటికే శానా దినాలయిందంట. ముసిల్ది, దానికి ఎవురుండారులే."

బండి ఎక్కాను. కర్నూలు వచ్చేదాకా నా చేతులు చెనక్కాయల పొట్లం కాగితాన్ని మడిచి, గోటితో నొక్కి, సన్నగా చీలుస్తూనే ఉన్నాయి. ఎదురు సీటాయన నన్ను ఒకటికి రెండుసార్లు ఎగాదిగా చూశాడు. చూడనీ అనుకున్నాను.

ఆమె అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. కాగితాల గొలుసులు చేయిస్తుంది గనక పిల్లలం గొలుసవ్వ అనేవాళ్లం. పెద్దవాళ్లు మచ్చలామె అనేవాళ్లు, అదీ గొంతు తగ్గించి. ఆమె ముఖంలో వేలు పెట్టేంత చోటు కూడా నున్నగా లేదు, అంతా గుంతలే. ఎడమ కంట్లో పువ్వేసింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి, ఇంట్లో ఉన్నవాళ్లందరినీ తీసుకుపోయి, ఈమె ఒక్కదాన్నీ వదిలిందట. ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదు. అందుకని ఎవరింట్లో పిల్లకు మశూచి వచ్చినా, తల్లి కూడా లోపలికి పోవడానికి జంకే చోట ఆమె పోయి కూర్చునేది.

కర్నూలు రాజధాని అయింది, గుడారాల్లో ఆఫీసులు పెట్టారు అని మగవాళ్లు రచ్చకట్ట మీద చెప్పుకునే రోజులవి. మా ఊరికి రాజధానీ రాలేదు, దాని గుడారమూ రాలేదు. టీకాలు వేసే ఆయన మాత్రం సైకిలు మీద వచ్చేవాడు. ఆయన గంట వినబడగానే తల్లులు మమ్మల్ని గడ్డివాముల వెనక దాచేవాళ్లు. ఆయన ఎండలో కాసేపు నిలబడి, ఊరిని తిట్టి, పోయేవాడు. బతికిపోయాం అనుకునేవాళ్లం, అంత తెలివి మాది.

ఎండలు ముదిరాక ఏదో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ ఇంట్లో తాళింపు వాసన ఆగిపోయేది. ఆ మర్నాడో, ఆ పైరోజో ఆమె వచ్చేది. చంకలో కాగితాల మూట, భుజం మీద వేపకొమ్మ. నడి వీధిలో నడిచేది కాదు, గోడ పక్కగా నడిచేది. ఏ సందులోకి మళ్లితే ఆ సందులో తలుపులు పడేవి. అమ్మవారు వచ్చాక ఆమె వస్తుందని కొందరు, ఆమే వెంటబెట్టుకు వస్తుందని కొందరు. రెండో మాట అనేవాళ్లు కూడా తమ ఇంటిదాకా వచ్చేసరికి ఆమె కోసమే మనిషిని పంపేవాళ్లు.

నాకు ఏడేళ్లప్పుడు మా గుమ్మానికి మండలు కట్టారు. ఉయ్యాల ఇంకా వదలని తమ్ముణ్ని తీసుకుని మా జేజి, అంటే నాయన తల్లి, ఆ పూటే బనగానపల్లెలో మా మేనత్త ఇంటికి వెళ్లిపోయింది. వంశానికి ఒక్కడు వాడు. పోతూ పోతూ అమ్మతో, "వీనికేమన్నా అయితే నీకు ఈ ఇంట్లో నీళ్లు పుట్టవు, సూసుకో" అంది. జేజి మాటంటే మాటే. పక్కింటి పెద్దమ్మ కోడలు కుండ పగలగొట్టి ఎదురు మాట్లాడిందని జేజి సలహా మీదే పుట్టింటికి పంపేశారు, ఆమె మళ్లీ తిరిగి రాలేదు. నాయన జేజి ముందు నోరు తెరిచే మనిషి కాదు.

నేను చీకటి గదిలో వేపాకు పక్క మీద పడి ఉన్నాను. ఒళ్లంతా నిప్పులు. గడప బయట ఎవరో ఆగి అడిగారు. "లోపలుండే తల్లీ, నేను రావచ్చునా?"

నన్ను అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఊ అన్నాను. ఆమె వంగి లోపలికి వచ్చింది. జ్వరంలో ఆ ముఖం చూసి అరవబోయాను.

"సూడు తల్లీ, బాగా సూడు" అంది, ముఖం దగ్గరికి తెచ్చి. "నేను గీరుకున్న్యా. ఒగరూ సెయ్యి పట్టుకోల్యా. అందుకే ఇట్లయినా. నువ్వు గీరుకోవు."

ఒంటి మీద అమ్మవారు ఉన్నన్నాళ్లూ పిల్లను పేరు పెట్టి పిలిచేది కాదు. తల్లీ అనేది, దండం పెట్టి గంజి తాగించేది. తగ్గుతోందని పొరపాటున కూడా అనేది కాదు. అమ్మ తలుపు బయట నిలబడి "ఎట్లుండాది అవ్వా?" అని అడిగితే, "కూచోనుండాది" అనేది. ఎవరు కూచున్నదీ చెప్పేది కాదు.

దురద మొదలయ్యాక మూట విప్పింది. పాత పత్రికలు, బెల్లం కట్టిన కాగితాలు, బీడీ కట్టల చుట్లు. వాటి మధ్యలో అరచేతిలో పట్టేంత గులాబిరంగు పల్చటి కాగితం ఒకటి, జాగ్రత్తగా మడిచి ఉంది. పీర్ల పండగ అయ్యాక చావిడిలో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకునేదట. అందులోంచి పట్టీ ఒకటి తీసి, చుట్టి, చిటికెడు సంగటితో అంటించి, ఉంగరం చేసి నా చాప పక్కన పెట్టింది.

"ఇది మొదటిది. అమ్మోరిది. దీన్ని నేనే సేస్తా. ఇంగ మిగిలినయి నీవి. నవ పుట్టినప్పుడల్లా ఒగ ఉంగరం. గీరేది లేదు."

ఆ గదిలోకి కత్తెర రానిచ్చేది కాదు. కాగితం మడవాలి, మడత మీద గోరు నడపాలి, నాలుకతో తడపాలి, తర్వాత చాలా మెల్లగా చీల్చాలి. తొందరపడ్డావా, చీలిక పక్కకు పోతుంది. పోయిన పట్టీని ఆమె పారేయనిచ్చేది కాదు, నా ముందే పెట్టేది. "కాయితానికి తొందరైతే ఇట్ల చినుగుతాది. నీకు తొందరైతే మొగాన గుంత పడతాది." చుట్టిన ఉంగరం అంటుకునేదాకా రెండు వేళ్లతో పట్టుకుని ఉండాలి. ఆ పట్టుకున్న కాసేపట్లో దురద ఒక అల లాగా వచ్చి, నన్ను వణికించి, పోయేది. మళ్లీ ఇంకోటి. ఏడుస్తూ చేశాను, తిడుతూ చేశాను. ఒకసారి ఆమె చెయ్యి కొరికాను. కొరికిన చెయ్యే నాకు ఇంకో పట్టీ అందించింది. రెండుసార్లు మాత్రం ఆమె కునుకు తీసిన సందు చూసి చెవి పక్కన గీరుకున్నాను. ఆ గుంతలు ఇప్పటికీ ఉన్నాయి.

గొలుసు పెరిగి పెరిగి చాప చుట్టూ తిరిగింది. చివరి ఉంగరం మాత్రం ఎప్పుడూ అంటించనిచ్చేది కాదు, నోరు తెరుచుకుని ఉండేది. పొక్కులు ఆరి నీళ్లు పోసే రోజున అది నువ్వే మూయాలి అనేది. ఆ నోరు మూతపడని గొలుసులు ఆమె ఎన్ని మోసిందో నాకప్పుడు తెలియదు.

ఒక పొద్దున ఆమె గదిలోకి వచ్చి, దండం పెట్టకుండా, కాలితో నా చాప తట్టింది. "ఏమే పిల్లా, లెయ్. ఎంత సేపు పండుకుంటావు?" తలుపు బయట అమ్మ కూలబడి ఏడ్చింది. ఆమె తల్లీ మానేసి ఏమే అన్నదంటే అమ్మవారు లేచి పోయిందని ఊరందరికీ తెలుసు.

జుట్టు తీయించి వేపనీళ్లు పోశారు. చివరి ఉంగరం నేనే మూశాను. గొలుసు నా మెడలో ఒకసారి వేసి తీసింది. ఆ తర్వాత దాన్ని, నా పక్కబట్టలనూ, వేపాకునూ మూటగట్టి పొలిమేరలో కాల్చడం ఆమె పద్ధతి. నాకు ఇవ్వమని కాళ్లు నేలకేసి కొట్టాను.

"అది అమ్మోరు కూచున్న పీట. అమ్మోరు లేసినాక పీట ఇంట్లో ఉంటే, మల్లా వచ్చి కూచుంటాది."

అమ్మ ఆ మాట విన్నది. కానీ అమ్మకు తెలిసిన భక్తి వేరు. అమ్మవారి ముందు పెట్టిన నిమ్మకాయ గుమ్మానికి కట్టుకునేవాళ్లం, అమ్మవారి చేతికి తొడిగిన గాజు మా చేతికి వేసుకునేవాళ్లం. అమ్మవారు తాకింది ఏదైనా ఇంటికి కాపలా అని పుట్టినప్పటి నుంచీ విన్న మనిషి. తన బిడ్డను చావు నోట్లోంచి లాగిన గొలుసులో, అమ్మోరిదని పేరుపెట్టి చేసిన ఆ మొదటి ఉంగరం కన్నా పెద్ద రక్ష ఏముంటుంది? మూట కట్టే హడావిడిలో దాన్ని తప్పించి కొంగున ముడేసుకుంది.

మిట్టమధ్యాహ్నం గొలుసవ్వ పొలిమేర నుంచి వెనక్కి వచ్చింది. ఆ ఎండలో కుక్క కూడా వీధిలో లేదు. గుమ్మం ముందు నిలబడి అడిగింది.

"మొదటి ఉంగరం యాడ సిన్నమ్మా?"

"అన్నీ ఇచ్చినా కదవ్వా."

"గులాబీది ల్యా."

"యాడన్నా పడి పోయిందేమో."

ఆమె ఒంటి కంటితో అమ్మను కాసేపు చూసింది. "సరేలే, కూచుంటా" అని ఎదురుగోడ నీడలో కూర్చుంది. పొద్దుగూకేదాకా కూర్చుని లేచిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఇంకేమీ అడగలేదు. ఊరికే కూర్చుంది.

జేజి తమ్ముణ్ని, ఒక గంపెడు మామిడికాయల్నీ తీసుకుని వచ్చింది. తమ్ముడు ఒళ్లు చేసి, నన్ను మరిచిపోయి, నా బోడిగుండు చూసి నవ్వాడు. అమ్మ వాడి ఉయ్యాల గుడ్డ లోపలివైపు, తల దగ్గర, నల్లదారంతో ఆ ఉంగరం కట్టింది. ఊపుతూ ఊపుతూ నేను చూశాను. నా గొలుసులోది నా తమ్ముడికి ఇచ్చారని కొంచెం గర్వపడ్డాను కూడా. వాడు దాన్ని అందుకుని నోట్లో పెట్టుకునేవాడు. అంచు నమిలి నమిలి గులాబిరంగు వాడి పెదాలకు అంటేది.

ఎదురుగోడ నీడ జరిగేకొద్దీ ఆమె జరిగి కూర్చునేది. జేజి గుమ్మంలోంచి అరిచేది. "ఏమ్మే, పిలవకుండా వచ్చి ఈడ కూచుంటే ఏమని? ఎవురి కోసం కాసుకోనుండావు?"

"ఎవురి కోసమూ కాదమ్మా. ఎండ శానా ఉండాది."

వీధి వీధంతా మా ఇంటి ముందు నుంచి నడవడం మానేసింది. అమ్మ రోజురోజుకూ చిక్కిపోయింది. చాలా ఏళ్లకు గానీ ఆ రోజుల్లో అమ్మ లోపల ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. ఉంగరం తీసి ఇచ్చేస్తే సరిపోయేది. కానీ అమ్మోరి మనిషి గుమ్మం ముందే కూర్చుని ఉంటే, బిడ్డ తల దగ్గరున్న రక్ష ఎవరు విప్పుతారు? ఆమె కూర్చున్నకొద్దీ అమ్మకు భయం పెరిగింది, భయం పెరిగినకొద్దీ దారానికి ఇంకో ముడి పడింది. ఓపికతో అంతమంది పిల్లల్ని బతికించిన మనిషి, ఆ ఒక్కచోట ఓపిక పట్టకుండా లోపలికి జొరబడి ఇల్లంతా వెతికి ఉంటే బాగుండేది. నాకు ఆమె మీద ఉన్న కోపమల్లా అదొక్కటే, అది ఇప్పటికీ పోలేదు.

తమ్ముడికి జ్వరం వచ్చిన పొద్దున ఎవరూ ఆమెను పిలవలేదు. గోడ దగ్గర నుంచి లేచి, కాళ్లు కడుక్కుని, గడప దగ్గర ఆగి, "లోపలుండే తల్లీ, నేను రావచ్చునా?" అంది. జేజి అడ్డం తప్పుకుంది.

వాడికి ఉంగరాలు చేసే వయసు కాదు. ఆమె వాణ్ని ఒళ్లో పెట్టుకుని, వాడి రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని, వాడి వేళ్లతోనే పట్టీలు చుట్టేది. వాడు ఏడ్చి ఏడ్చి ఆమె రొమ్ముకేసి తల కొట్టుకునేవాడు. నేను ఈసారి బయట కూర్చుని కాగితాలు చీల్చి లోపలికి అందించాను. వంకర పోకుండా చీల్చాను. ఎంత మెల్లగా చీలిస్తే తమ్ముడు అంత బాగవుతాడని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అమ్మ తలుపుకు చెవి ఆనించి నిలబడేది. గొలుసవ్వ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాణ్ని ఒరే అని పిలుస్తుందేమోనని. లోపల నుంచి తల్లీ, తల్లీ అనే వినబడుతూ వచ్చింది. తర్వాత అదీ వినబడలేదు.

వాణ్ని తీసుకుపోయాక జేజి ఉయ్యాల విప్పింది. పంచలో నాయన, మా పెదనాయన, ఊరి పెద్దలు నలుగురైదుగురు దూరదూరంగా కూర్చుని ఉన్నారు. గుడ్డ మడతల్లోంచి ఆ ఉంగరం నల్లదారంతో సహా జేజి చేతిలో పడింది. అంచు నమిలి ఉంది.

జేజి ఏడుపు టక్కున ఆపేసింది. ఉంగరాన్ని పైకెత్తి అందరికీ చూపించింది.

"ఇదేంది? ఇంట్లో నీళ్లు పోసినాక వచ్చిన బిడ్డకు అమ్మోరు ఎట్ల వచ్చెనా అనుకుంటాండా. ఇది ఎవురు కట్టిరి?"

అందరూ అమ్మవైపు తిరిగారు. నాయన కూడా. అమ్మ నోరు తెరిచింది. చెప్పేసేదే, నాకు తెలుసు. చెప్పి ఉంటే ఆ పూటే ఆ పంచ దిగి పోవాల్సి వచ్చేది, నేను తల్లి లేకుండా పెరిగేదాన్ని.

"నేనే కట్టినా" అంది గొలుసవ్వ.

మూల నుంచి లేచి వచ్చి జేజి ఎదురుగా నిలబడింది. "రక్షగా ఉంటాదని నేనే కట్టినా. కాల్చల్సింది కాల్చకుండా కట్టినా. తప్పయిపాయ."

అమ్మ ఆమెను చూసింది. ఏడవలేదు, కాదనలేదు, దండం పెట్టలేదు. నీళ్లలో మునిగేవాడు ఒడ్డున ఉన్నవాణ్ని చూసినట్టు, కన్ను ఆర్పకుండా చూసింది. ఆమె మాత్రం అమ్మవైపు తిరగనే లేదు.

జేజి రెండు చేతులా మట్టి ఎత్తి ఆమె ముఖాన కొట్టింది. పెదనాయన చెప్పు తీశాడు. ఇంకెప్పుడూ ఈ పొలిమేర తొక్కితే కాళ్లుండవని పెద్దలు చెప్పారు. ఆమె జేజి చేతిలోంచి ఉంగరాన్ని మెల్లగా, చినగకుండా విడిపించుకుంది. తమ్ముడి చిన్న గొలుసుకు దాన్ని కలిపి, మూట కట్టుకుని, గోడ పక్కగా నడిచి పోయింది. పొలిమేరలో పొగ లేవడం మిద్దె మీది నుంచి చూశాను.

మళ్లీ ఎండలు వచ్చాయి. మళ్లీ గుమ్మాలకు మండలు వచ్చాయి. ఆమెను ఎవరూ పిలవలేదు. పిల్లలు గీరుకోకుండా పాతచీర పేలికలతో చేతుల్ని మంచం కోళ్లకు కట్టేసేవాళ్లు. ఆ కేకలు వీధి చివరికి వినబడేవి. జేజి చెవుల్లో గుడ్డ పెట్టుకుని పడుకునేది. మా ఊళ్లో నా కన్నా చిన్నవాళ్ల ముఖాలు చూస్తే ఆమెను వెళ్లగొట్టిన తర్వాత అమ్మవారు పోసినవాళ్లెవరో చెప్పేయొచ్చు.

ఆ తర్వాత ఒకే ఒక్కసారి కనిపించింది. పరీక్ష రాయడానికి నాయనతో కర్నూలు పోతున్నాను. డోన్లో నాయన నీళ్లకని దిగాడు. ప్లాట్‌ఫారం చివర ఆమె వేపపుల్లలు అమ్ముకుంటోంది. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆమె నా జుట్టు పక్కకు తోసి, చెవి దగ్గరి గుంతలు తడిమి చూసింది.

"ఏమే, బాగుండావా?"

"బాగుండా అవ్వా."

నాయన వస్తున్నాడేమోనని ఆమె ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"మీయమ్మ బువ్వ తింటాందా?"

తింటోందని చెప్పాను. తల ఊపి, ఒక వేపపుల్ల నా చేతిలో పెట్టి, పొమ్మని చెయ్యి విసిరింది. ఆ మాట నేను అమ్మకు చెప్పలేదు. మా ఇంట్లో ఆమె పేరెత్తడం ఎప్పుడో ఆగిపోయింది.

ఇప్పుడు నేను కర్నూలు పక్కన కల్లూరులో చిన్నపిల్లల బడిలో టీచర్ని. నిమిషం కుదురుగా కూర్చోని పిల్లలకు కాగితం ఇచ్చి మడవమంటాను. మడత మీద గోరు నడపమంటాను. కత్తెర ఇవ్వను. పిల్లలకు ఓపిక నేర్పడానికి ఇంతకన్నా మంచి ఆట లేదని పైనుంచి తనిఖీకి వచ్చిన అమ్మగారు మెచ్చుకుని, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగింది. మా ఊళ్లో అన్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. బడి గోడ మీద గొలుసులు వేలాడే రోజుల్లో మాత్రం బడివైపు రాదు.

డోన్ నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో చింతపండు పిక్క తీస్తోంది. పక్కన కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టే అన్నాను.

"అమ్మా, గొలుసవ్వ పోయిందంట."

అమ్మ చేయి ఆగింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ పేరు మా మధ్య వినబడలేదు. అమ్మ మళ్లీ ఒక పిక్క తీసింది, ఇంకోటి తీసింది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

"పోయేటప్పుడు ఎవురన్నా దగ్గిర కూచున్యారంటనా?"

స్టేషన్లో మా ఊరామె చెప్పిన ప్రతి మాటా నా నాలుక మీద ఉంది.

"ఉండిరంటమ్మా" అన్నాను. "ఆమె బతికించిన పిల్లలేనంట, ఇప్పుడు పెద్దోళ్లయినారు కదా. ఇద్దరు ముగ్గురు సెయ్యి పట్టుకోని కూచోనుండిరంట. నిమ్మళంగా పోయిందంట."

అమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆ రోజు పంచలో గొలుసవ్వను చూసినట్టే, కన్ను ఆర్పకుండా చూసింది.